కొండల్లో అల్ట్రా మారథాన్‌కు ఎలా సిద్ధం కావాలి? ముందు దిగడం నేర్చుకోండి

మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లను దాటిన పరుగు ఏదైనా అల్ట్రాయే. కొండల్లో మొదటిసారి 50 కిలోమీటర్లకు పేరు ఇచ్చేవాళ్లు దాదాపు అందరూ ఎక్కడానికే తయారై వస్తారు. తీరా ముప్పై కిలోమీటర్లు దాటాక దిగుడులో కూలబడతారు. ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. పట్టున్న ట్రెయిల్ బూట్లు (కొండదారుల పరుగుకు చేసినవి, అర సైజు పెద్దవి), లీటరున్నర నీళ్లు పట్టే వీపు సంచి, ఈల, తలకు కట్టుకునే లైటు. తినడానికి ఉప్పు చల్లిన చిలగడదుంప ముక్కలు, పల్లీ చిక్కీ. శక్తి కోసం పిండుకుని తినే తీపి జెల్ ప్యాకెట్లు వద్దు, ఆరు గంటలయ్యాక ఆ తీపి గొంతు దిగదు. దాహం లేకుండా ఉత్త నీళ్లు అదే పనిగా తాగకండి, రక్తంలో సోడియం పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

వారానికి నాలుగు రోజులు పరుగు, అందులో ఒకటి దీర్ఘమైనది. దాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కపెట్టండి. ఎక్కుడులో నడవండి, అందులో నామోషీ ఏమీ లేదు. విశాఖవాళ్లకు సింహాచలం మెట్ల దారి ఉంది. అక్కడ భక్తుల మధ్య పరుగు తగదు, నడకే. 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసినవాళ్లకు గంటల తరబడి కాళ్ల మీద ఉండటమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

ఇక దిగుడు. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. కండరం లోపల సన్నగా చిరిగేది అప్పుడే. ఆ నొప్పి మర్నాడో మూడోనాడో బయటపడుతుంది. నా మొదటి 50లో ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర తొడలు వణికిపోయి, చెట్ల కొమ్మలు పట్టుకుని, కొండవైపు తిరిగి వెనక్కి అడుగులేస్తూ దిగాను. అప్పటిదాకా నా సాధనంతా ట్రెడ్‌మిల్ మీదే. దాని వాలు ఎంత పెంచినా ఎక్కడమే వస్తుంది, దిగడం రాదు. ట్రెడ్‌మిల్ చాలుననే మాట దయచేసి నమ్మకండి.

మెత్తని మట్టి వాలు మీద పది నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి ఒక్కసారే. నొప్పి పూర్తిగా పోయేదాకా మళ్లీ దిగకండి. తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. రెండోసారికే నొప్పి తగ్గుతుంది, కండరం గుర్తుపెట్టుకుంటుంది.

అడుగులు పొట్టిగా, గబగబా పడాలి. పాదం నడుము కిందే దిగాలి, ముందుకు చాచితే మడమ బ్రేకు వేస్తుంది, ఆ దెబ్బంతా మోకాలికే. మోకాలు కాస్త వంచండి. భయంతో వెనక్కి వాలకండి, జారేది అలాగే. చూపు నాలుగడుగుల ముందుండాలి. అరకు దారిలోని అనంతగిరి కాఫీ తోటల్లో, తోటవాళ్లను అడిగి పరుగెత్తేటప్పుడు, సిల్వర్ ఓక్ ఆకులు దారంతా పరుచుకుని ఉంటాయి. వాన పడ్డాక ఆ ఆకు కింద ఎర్రమట్టి సబ్బులా ఉంటుంది. అక్కడ నడవండి. చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, ఎదుటి కొండ మీద మంచు చూడాలనిపిస్తే ఆగి తృప్తిగా చూడండి. కదులుతూ చూడొద్దు.

పోటీకి రెండు వారాల ముందు గట్టి దిగుళ్లు ఆపేయండి. రెండు రోజుల ముందు కాలిగోళ్లు కత్తిరించుకుని, చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టడం అలవాటు చేసుకోండి. లేకపోతే దిగేటప్పుడు వేళ్లు బూటు కొసకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి.