కర్బూజా, పుచ్చకాయ: ఏది నిజంగా పండిందో బండి దగ్గరే తెలుసుకోవడం ఎలా

ఎండలు ముదిరేసరికి బెంగళూరులో ఏ రోడ్డు మలుపు చూసినా పుచ్చకాయల గుట్టలే, పక్కనే తోపుడు బండి మీద కర్బూజాలు. కాస్త పచ్చిగా ఉన్నా రెండు రోజులు ఇంట్లో పెడితే తీపెక్కుతుందిలే అని చాలామంది తెచ్చేసుకుంటారు. ఎక్కదండీ. మామిడికాయలో పిండి పదార్థం ఉంటుంది, మాగేటప్పుడు అదే చక్కెర అవుతుంది. వీటిలో అలాంటి నిల్వ ఉండదు. ఆకుల్లో తయారైన చక్కెర తీగ గుండా కాయలోకి రావాల్సిందే, అదీ ఎక్కువగా కోతకు ముందు చివరి రోజుల్లోనే చేరుతుంది. కోశాక కర్బూజా మెత్తబడుతుంది, ఘుమఘుమలాడుతుంది, తీపి మాత్రం పెరగదు. అందుకే తీగ మీద పూర్తిగా పండాక కోశారా లేదా అన్నదే చూడాలి.

కర్బూజాకి ఆ సంగతి తొడిమ దగ్గరే తెలిసిపోతుంది. తొక్క మీద వలలాంటి గీతలుండే రకాలు పండితే తొడిమ దానంతటదే విడిపోయి అక్కడ నున్నటి చిన్న గుంట మిగులుతుంది. గుంట అంచు కొంచెం చిరిగినట్టున్నా పర్వాలేదు, దూరం పంపే కాయలు కాస్త ముందే తెంపుతారు. తొడిమ ముక్క గట్టిగా అతుక్కుని కత్తితో కోసినట్టుంటే మాత్రం పక్కన పెట్టేయండి. తర్వాత గీతల మధ్య పచ్చదనం పోయి పసుపు తిరిగిందా చూసి, తొడిమకి ఎదురు వైపు బొటనవేలితో మెల్లగా నొక్కి వాసన చూడండి. కొద్దిగా లొంగాలి, కమ్మటి వాసన రావాలి, పులిసిన వాసనైతే వద్దు. సూపర్ మార్కెట్లో చల్లగా పెట్టిన కాయకి వాసన సరిగా తెలియదు. నున్నటి తొక్కుండే హనీడ్యూ అనే కర్బూజా రకానికి ఈ తొడిమ గుర్తు పనిచేయదు, అది మీగడ రంగుకి వచ్చిందా అని చూసుకోవాలి.

పుచ్చకాయ తొడిమ కూడా విడిపోదు, కాబట్టి కాయని తిప్పి అడుగు చూడండి. నేలకి ఆనిన చోట మచ్చ మీగడ పసుపులో ఉంటే తీసుకోండి, తెల్లగా ఉంటే వదిలేయండి. ఒకే సైజు రెండుంటే బరువైనదే మంచిది. తట్టి చూడటం మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఆ ట్రాఫిక్ హోరులో ఏం వినపడుతుంది?

ఇంకో మాట, పండిన ప్రతి కాయా తియ్యగా ఉండదు. కోతకు ముందు వానలు పడినా, నీళ్లు ఎక్కువ పెట్టినా చప్పబడుతుంది. తెగులొచ్చి ఆకు పోతే చక్కెర తయారయ్యే చోటే పోయినట్టు. మన బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్లు తెచ్చిన అర్కా మాణిక్ అనే పుచ్చకాయ రకానికి బూడిద తెగులు లాంటివి తట్టుకునే గుణం ఉంది, తినేవాళ్లకి కూడా అది పనికొచ్చే విషయమే. రసంలో చక్కెర ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌తో రసం కొలిస్తే పుచ్చకాయ 10 బ్రిక్స్ (తీపి కొలత) దాటాలి, 8 దగ్గరుంటే చప్పగా అనిపిస్తుంది.

మన దగ్గర ఆ మీటర్ ఉండదు కదా, అందుకే "అన్నా, కొంచెం కోసి చూపించు" అని అడగండి, బెంగళూరులో చాలామందికి తెలుగు అర్థమవుతుంది. ఎరుపు చూసి సరే అనేయొద్దు, ఎరుపు లైకోపీన్ అనే రంగు పదార్థానిది, చక్కెరది కాదు. ఆ ముక్క కొన కాయ నడిమి వైపు ఉంటుంది కాబట్టి ఎలాగూ తియ్యగానే ఉంటుంది. తొక్క వైపు కొరకండి, అక్కడా తీపి తగిలితే ధైర్యంగా కొనొచ్చు. అలా కోయించిన కాయని ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే తినేయండి. కోయని కర్బూజానైతే కోసే ముందు కుళాయి కింద బాగా రుద్ది కడగండి, ఆ గీతల్లో ఉన్న మట్టి, క్రిములు కత్తితో పాటే లోపలికి వెళ్తాయి.