ఎండల్లో ట్రెయిలర్‌తో ఘాట్ ఎక్కే ముందు: డీజిల్ పికప్ గేరుబాక్సు జాగ్రత్తలు

జూన్ వచ్చిందంటే అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉండే మనవాళ్ళందరి చూపూ కొండ మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి మీదే. కింద 110 డిగ్రీలు మాడ్చేస్తుంటే పైన పైన్ చెట్ల కింద పొద్దున్నే స్వెటర్ వేసుకోవచ్చు. నాకు తెలిసినవాళ్ళలోనే ఈ మధ్య నలుగురైదుగురు డీజిల్ పికప్ కొని, వెనక ట్రావెల్ ట్రెయిలర్ తగిలించి బయల్దేరుతున్నారు. వాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఆరు లీటర్ల పైచిలుకు ఇంజన్ అన్నా, లాగేస్తుంది కదా?" లాగేస్తుంది. ఇంజన్ గురించి నాకే బెంగా లేదు. నా బెంగంతా దాని వెనక ఉన్న ఆటోమేటిక్ గేరుబాక్సు గురించే. ఇంజన్ వేడెక్కితే అందరికీ తెలుస్తుంది. గేరుబాక్సు మాత్రం చప్పుడు చేయకుండా ఉడుకుతుంది. దాన్ని మళ్ళీ కట్టించాలంటే వేల డాలర్ల మాట.

ఇక్కడ నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.

ముందు ఆ వేడి ఎక్కడ పుడుతుందో తెలియాలి. మాన్యువల్ బండిలో క్లచ్ ఉండే చోట ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లోపల ఆయిల్‌లో మునిగి రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఇంజన్ ఒకదాన్ని తిప్పితే, అది విసిరే ఆయిల్ తాకిడికి రెండోది తిరుగుతుంది. కవ్వం తిప్పితే కుండలో మజ్జిగ తిరిగినట్టే. కవ్వం తిరిగినంత వేగంగా మజ్జిగ తిరగదు. ఆ తేడాలో పోయిన శక్తంతా వేడవుతుంది. బండి కాస్త వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ ఆ రెండు చక్రాలనీ కలిపి పట్టేస్తుంది. చిలకడం ఆగిపోతుంది, వేడి పుట్టడం కూడా చాలావరకు ఆగిపోతుంది.

అందుకే గేరుబాక్సుని చంపేది వేగం కాదు, నిదానం. బరువుతో నిదానంగా ఎత్తెక్కడం. ఇది నాకు మాటల్లో తెలుసు గానీ, కళ్ళతో చూసింది మూడేళ్ళ కిందట.

ఆ రోజు ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళే ఐ-17 హైవే మీద బ్లాక్ కాన్యన్ సిటీ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా ఉన్న ఎత్తు మొత్తం ఎక్కాను. దాదాపు 1,400 అడుగుల ఎక్కుడు అది. గేరుబాక్సు ఆయిల్ వేడి చూపించే గేజ్ 196 దాటలేదు. క్యాంప్ వెర్డే దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఆరువేల అడుగుల ఎత్తు దాటేదాకా ఎక్కాం. అప్పుడూ 200 లోపే. హమ్మయ్య అనుకున్నాను. తీరా క్యాంపుగ్రౌండ్‌లోకి వెళ్తే మాకు ఇచ్చిన చోటు ఎత్తు మీద ఉంది, ట్రెయిలర్‌ని వెనక్కి ఎక్కించాలి. మా ఆవిడ వెనక నిలబడి "ఎడమకి, ఇంకొంచెం ఎడమకి, ఆగు ఆగు" అంటోంది. నేను రివర్స్‌లో యాక్సిలరేటర్ తొక్కడం, బ్రేకు తొక్కడం, ముందుకెళ్ళి సరిచేసుకోవడం. పావుగంట గడిచింది. ఇంజన్ దిగులుగా మూలుగుతుంటే యథాలాపంగా గేజ్ వైపు చూశాను. 241. ఘాట్ మొత్తం ఎక్కినప్పుడు లేని వేడి, వంద అడుగులు వెనక్కి వెళ్ళినందుకు వచ్చింది. రివర్స్‌లో లాకప్ ఉండదు, గేరుబాక్సు ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ మీదకి గాలి రాదు. కవ్వం తిరుగుతూనే ఉంది, మజ్జిగ కదలడం లేదు.

ఇప్పుడు అలాంటి చోట ఫోర్ వీల్ డ్రైవ్‌లో "లో" (4L) అనే రేంజ్‌కి మారుస్తాను. చక్రాలకి బలం రెండున్నర రెట్లకి పైగా అందుతుంది కాబట్టి కన్వర్టర్ కష్టపడదు. మట్టి, కంకర ఉన్నచోట దీనికి ఢోకా లేదు. పొడి తారురోడ్డు మీద మాత్రం తిన్నగా వెనక్కి వెళ్ళేటప్పుడే వాడండి. మలుపు తిప్పితే యాక్సిళ్ళు బిగుసుకుంటాయి.

ఎంత వేడి ఎక్కువ అంటే, మెకానిక్కులు ఎప్పటినుంచో చెప్పే లెక్క ఒకటుంది. 175 డిగ్రీల దగ్గర ఆయిల్ లక్ష మైళ్ళు వస్తుంది. అక్కడి నుంచి ప్రతి 20 డిగ్రీలకీ ఆయుష్షు సగం. 195 దగ్గర 50,000. 215 దగ్గర 25,000. 235 దగ్గర పన్నెండున్నర వేలు. ఇప్పటి సింథటిక్ ఆయిల్స్ ఇంతకన్నా బాగా తట్టుకుంటాయి, కాబట్టి ఈ అంకెల్ని శాసనంలా తీసుకోకండి. వాలు ఎటువైపో మాత్రం అదే చెబుతుంది. 240 దాటాక ఆయిల్ జిగురులా మారి, గేర్లు మార్చే వాల్వ్ బాడీలో పేరుకుంటుంది. 260 దాటితే రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. ఇక తర్వాత క్లచ్ ప్లేట్లే.

బండిని బట్టి మామూలు వేడి కూడా మారుతుంది. ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌ల్లో 2011 నుంచి వచ్చిన 6ఆర్140 గేరుబాక్సు ఖాళీగా వెళ్తున్నా 200 దగ్గర్లో ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. జీఎం (జనరల్ మోటార్స్) పికప్‌ల్లో వచ్చిన అలిసన్ 1000 గేరుబాక్సుకి అడుగున ఉన్న ఆయిల్ 250 దాటకూడదు. అందుకని ప్రయాణానికి ఓ వారం ముందు ట్రెయిలర్ లేకుండా ఫ్రీవే మీద అరగంట నడిపి, మీ బండి ఎక్కడ నిలబడుతుందో చూసి రాసిపెట్టుకోండి. మీ బండికి ఎంత వరకు మామూలు, ఎంత దాటితే జ్వరం అనేది ఆ అంకెని బట్టే తేలుతుంది. డాష్‌బోర్డులో అంకె చూపించని బండి అయితే, బండి కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ రీడర్, కంపెనీ కోడ్లు కూడా చదవగలిగేది కొని ఫోన్‌కి కలుపుకోండి. ఎర్ర లైటు వెలిగే దాకా ఆగాలనుకోవద్దు. లైటు వెలిగేసరికి జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఆ వారంలోనే ఆయిల్ సంగతి చూడాలి. కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి చూడండి. గోధుమరంగులోకి తిరిగి మాడిన వాసన వేస్తే ఆ బండితో ఘాట్ ఎక్కకండి. లెవెల్ చూసేటప్పుడు బండి సమంగా నిలబడి ఉండాలి, ఆయిల్ వేడెక్కి ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. "ఎందుకైనా మంచిది" అని ఇంకో అర లీటరు ఎక్కువ పోసినా తప్పే. తిరిగే భాగాలు దాన్ని నురగ చేస్తాయి, నురగ వేడిని మోయలేదు. ఏ ఆయిల్ పొయ్యాలన్నది బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం చెప్పాలి, షాపులో కౌంటర్ దగ్గర కుర్రాడు కాదు. 6ఆర్140కి మెర్కాన్ ఎల్‌వీ, రామ్ పికప్‌ల్లో వచ్చిన 68ఆర్‌ఎఫ్‌ఈకి ఏటీఎఫ్+4. అదే రామ్‌లో ఐసిన్ గేరుబాక్సు ఉంటే దాని ఆయిల్ వేరు. ఒకే కంపెనీ బండి కదా అని కలిపేస్తే అంతే సంగతులు.

కూలర్‌కి కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. బానెట్ ఎత్తి రేడియేటర్ ముందు టార్చి వేసి చూస్తే రెక్కల మధ్య ఎండిన పురుగులు, దుమ్ము, దూదిపింజలు ఇరుక్కుని కనిపిస్తాయి. అరిజోనాలో దుమ్ము తుఫాను ఒకటి వచ్చిపోయాక నా కూలర్ కిందివైపు నాలుగు వేళ్ళ వెడల్పున పూర్తిగా మూసుకుపోయి ఉంది. తోట పైపుతో, మెల్లటి ధారతో, ఇంజన్ వైపు నుంచి బయటికి కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే పల్చటి రెక్కలు వంగిపోతాయి. తర్వాత కూలర్‌కి వెళ్ళే గొట్టాలు చూడండి. రబ్బరు గొట్టాన్ని లోహపు గొట్టానికి బిగించిన కాలర్ దగ్గర వేలితో తడమాలి. వేలికి ఎర్రగా తడి అంటితే ఆ గొట్టం మార్చకుండా కదలొద్దు. అది దారిలో ఊడి, ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే బండే అంటుకుంటుంది.

పెద్ద టైర్లు వేయించుకున్న తమ్ముళ్ళకి ఒక మాట. చూడ్డానికి బావుంటాయి, కాదనను. కానీ చక్రం పెరిగితే ప్రతి గేరూ బరువవుతుంది, లాకప్ ఆలస్యంగా పడుతుంది, కన్వర్టర్ ఎక్కువసేపు చిలుకుతుంది. ట్రెయిలర్ లాగే బండికి కంపెనీ సైజు టైర్లే మంచివి.

బరువు గురించి వేరే పాఠం అక్కర్లేదు. నీళ్ళ ట్యాంకు నింపి, సామాను ఎక్కించి, ట్రక్ స్టాప్‌లో తూకం వేయించండి. డోర్ దగ్గరి స్టిక్కర్‌తో, మాన్యువల్‌లో ఉన్న మొత్తం బరువు పరిమితితో పోల్చండి. నీళ్ళు పైకి వెళ్ళాక నింపుకోగలిగితే ఆ బరువు కిందనే వదిలేయొచ్చు.

ఇక బయల్దేరే వేళ. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరితే ఐ-17 ఎత్తు మీద ట్రాఫిక్ ఆగుతూ సాగుతూ ఉంటుంది. లాకప్ పడదు, గాలి ఆడదు, తారు సెగలు కక్కుతుంటుంది. ఇంతకన్నా చెడ్డ కలయిక ఇంకోటి లేదు. ఏసీ ఆపితే కూలర్లకి కాస్త ఊరటే. కానీ వెనక సీట్లో చిన్నపిల్లలో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటే 110 డిగ్రీల్లో ఏసీ ఆపమని నేను ఎలా చెబుతాను? అంతకన్నా నాలుగింటికి లేవడమే నయం.

ఎత్తు మొదలయ్యే ముందే, బరువు లాగేటప్పటి కోసం ఇచ్చిన టో హాల్ బటన్ నొక్కండి, సగం ఎక్కాక కాదు. అప్పుడు గేర్లు తొందరపడి మారవు, లాకప్ ముందే పడుతుంది, దిగేటప్పుడు బండి తానే కింది గేరులోకి వస్తుంది. అయినా ఐదు నుంచి ఆరుకి, ఆరు నుంచి ఐదుకి ఊగిసలాడుతుంటే మీరే ఐదులో కట్టేయండి. ఇంజన్ నిమిషానికి 2,200 చుట్లు తిరిగితే డీజిల్ పాడవుతుందేమో అని కొందరి భయం. పాడవదు. పంపు, ఫ్యాను కూడా ఆ వేగంతోనే తిరిగి చల్లబరుస్తాయి. తక్కువ తిప్పి బలవంతంగా లాగించడమే దానికి నరకం.

నేను పెట్టుకున్న హద్దులు ఇవి. మామూలు కన్నా 20 డిగ్రీలు పెరిగితే కాలు తేలిక చేసి, ఒక గేరు దించి, కుడి లేన్‌లోకి వెళ్తాను. 230 దాటితే తర్వాత వచ్చే ఖాళీ చోటు చూసుకుంటాను. 240 వస్తే ఆగుతాను, ఎవరు హారన్ కొట్టినా సరే.

ఆగినప్పుడు ఇంజన్ ఆపేయకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, కాగిన ఆయిల్ ఉన్నచోటే ఉండిపోతుంది. సమంగా ఉన్న చోట పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్‌ని వెయ్యి, పన్నెండు వందల దగ్గర తిప్పండి. ఐదారు నిమిషాల్లో అంకె దిగడం కనిపిస్తుంది. స్టీరింగ్ దగ్గర మనిషి ఉండాలి, పిల్లలు బండికి ముందూ వెనకా ఉండకూడదు. పార్క్‌లో ఎందుకు పెట్టకూడదంటే, పాత డాడ్జ్ ట్రక్కుల్లోని 47, 48 సిరీస్ గేరుబాక్సుల్లో పార్క్‌లో ఉంటే కూలర్‌కి ఆయిల్ వెళ్ళదు. పాత బండి చవగ్గా కొన్నవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. ఆగేది కంకర మీదో తారు మీదో చూసుకోండి, ఎండుగడ్డి మీద వద్దు. ఎగ్జాస్ట్‌లోని డీజిల్ మసి ఫిల్టర్ తనలో పేరుకున్న మసిని కాల్చేసుకుంటున్న సమయంలో ఎగ్జాస్ట్ గొట్టం కింద గడ్డి అంటుకోవడానికి క్షణం చాలు. ట్రెయిలర్ గొలుసులు రోడ్డుకి రాసుకుని నిప్పురవ్వలు రాలినా అడవి అంటుకుంటుంది.

ఇండియాలో హైలక్స్, వీ-క్రాస్ లాంటి ఆటోమేటిక్ పికప్‌లు నడిపేవాళ్ళకి ట్రెయిలర్ లేకపోవచ్చు, కానీ శ్రీశైలం ఘాట్‌లో నిండు లోడు లారీ వెనక నడక వేగంతో ఎక్కడం ఇదే బాపతు. లారీకి ఆనుకుని పాకకండి. కాస్త ఎడం వదిలి, వీలైన చోట ఆగి, దాన్ని ముందుకి పోనిచ్చి, ఒక ఊపులో ఎక్కండి.

నా బండి గ్లవ్ బాక్సులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. సన్‌సెట్ పాయింట్ దగ్గర ఆగినప్పుడల్లా మా అమ్మాయి అందులో తేదీ, బయటి వేడి, గేజ్ మీద అంకె రాస్తుంది. అదే ట్రెయిలర్, అదే ఎండ, అదే ఎత్తు అయినా కిందటిసారి కన్నా 15 డిగ్రీలు ఎక్కువ కనిపిస్తే, ఇంటికి రాగానే టార్చి తీసుకుని కూలర్ ముందు కూర్చుంటాను.