బడి తెరిచేలోపు పిల్లలతో ఒక్కసారి కూర్చోండి

మామిడిపళ్ళు అయిపోవస్తున్నాయంటే బడి దగ్గరపడినట్టే, మన దగ్గర మామూలుగా జూన్ 12 కదా, ఈలోపు యూనిఫాం కుట్టించడం, బూట్లు, బ్యాగు, హాస్టల్ పెట్టెకి తాళం అన్నీ చూసుకుంటాం గానీ అక్కడ ఎవడైనా ఏడిపిస్తే ఏటి చెయ్యాలో మాత్రం పిల్లలకి చెప్పం. మేమూ చెప్పలేదు.

మా అప్ప, అంటే మా అక్క, కొడుకు ఎనిమిదిలో హాస్టల్లో చేరేడు. టెక్కలి అవతల పల్లె మాట వాడిది, "ఏటి", "ఎలిపోనాను" అంటాడు, గదిలో వాళ్ళు ఆ మాటే పట్టుకుని వెక్కిరించడం మొదలెట్టి చివరికి వాడి పేరే "ఏటిగాడు" చేసేసేరు, తర్వాత జంతికల డబ్బా లాక్కున్నారు, తర్వాత వాడి చేత బట్టలుతికించేరు. ఇంటికొచ్చిన ప్రతిసారీ తిరిగెళ్ళే రోజు పొద్దున్న కడుపునొప్పి అనేవాడు, శ్రీకాకుళం తీసుకెళ్ళి స్కానింగ్ కూడా తీయించేం, ఏమీ లేదన్నారు, నటిస్తున్నాడని మా బావ రెండు తగిలించి బస్సెక్కించేడు. అది గుర్తొస్తే బావ ఇప్పటికీ కంచం ముందు అలా ఆగిపోతాడు.

అంచేత ముందు చెప్పేది ఇదే, ఆదివారం సాయంత్రం నొప్పులు, ఉన్నట్టుండి డబ్బులు ఎక్కువ అడగడం, పుస్తకాలు చిరగడం, ఫోన్ మోగితే ఉలిక్కిపడటం కనిపిస్తే డాక్టరుకి చూపించండి, దాంతోపాటు పక్కన కూర్చుని అడగండి కూడా. చెప్పినప్పుడు మాత్రం "ముందు నువ్వేం చేసావ్" అనకండి, ఆ ఒక్క మాటతో నోరు మూసుకుపోద్ది, మళ్ళీ తెరవరు. "మంచిపని చేసావ్ చెప్పి, నేను చూసుకుంటాను" అంటే చాలు.

మన జిల్లాల్లో తల్లీతండ్రీ హైదరాబాదో చెన్నయో పనికెళ్ళిపోయి పిల్లల్ని మామ్మ దగ్గరో హాస్టల్లోనో వదిలిన ఇళ్ళు చాలా ఉన్నాయి కదా, వాళ్ళకి ఫోనే దిక్కు. కానీ హాస్టల్ ఫోన్లో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉంటారు, అందుకని మేమిప్పుడు ఒక గుర్తుమాట పెట్టుకున్నాం, "మామ్మకి మోకాళ్ళు తగ్గేయా" అని వాడు అడిగేడంటే వెంటనే రమ్మని అర్థం. ఒకసారి అడిగేడు కూడా, చూస్తే ఉత్తినే ఇంటి మీద బెంగట, పోనీలెండి. ఇంటి నంబరు, 1098 రెండూ బట్టీ పట్టించండి, 1098 పిల్లల కోసమే ఉన్న నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. చేర్చేటప్పుడే రాత్రి హాల్లో పెద్దవాళ్ళెవరు పడుకుంటారో అడగండి, మొహమాటపడకండి, ఫీజు కడుతున్నాం కదా.

ఏదైనా జరిగిందని తెలిస్తే అవతలి పిల్లాడిని గేటు దగ్గర పట్టుకుని కొట్టడానికి వెళ్ళకండి, కేసు మీ మీదకే తిరుగుతుంది. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు చూసేరు అన్నది కాగితం మీద రాసి హెడ్మాస్టరుకి ఇచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి, నోటిమాట ఫిర్యాదు గాలికి పోద్ది. కదలిక లేకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారి (డీఈఓ), ఇంకా కాకపోతే సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సు. వాట్సాప్ గ్రూపులో ఏడిపిస్తుంటే కోపంలో డిలీట్ చేసేయకండి, ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. పిల్లల అసభ్య ఫోటోలైతే మాత్రం చుట్టాలకి కూడా ఫార్వర్డ్ చెయ్యొద్దు, అలా పంపడమే నేరం, ఫోన్ పట్టుకుని నేరుగా పోలీసుల దగ్గరకే వెళ్ళండి.

ఒంటి మీద చెయ్యి వేసిన సంగతైతే అది బడిలో కూర్చుని సర్దుకునేది కాదు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం పెట్టిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, తన కింద పనిచేసేవాడు చేసింది దాచిన సంస్థ పెద్దకి ఏడాది దాకా జైలు కూడా ఉంది. "ఆడపిల్ల పరువు" అని మిమ్మల్ని ఆపేవాళ్ళు ఉంటారు, పిల్ల పేరు బయటపెట్టకూడదని ఆ చట్టంలోనే ఉంది. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికొచ్చి వాంగ్మూలం తీసుకోవాలని కూడా ఉంది, స్టేషన్ అంటే భయపడే మామ్మలకి ఇది ముందే చెప్పి ఉంచండి.

ఇక మాస్టార్లు కొట్టడం. "కళ్ళు వదిలేసి తోలు తీసెయ్యండి మాస్టారూ" అని మన పెద్దలే అప్పజెప్పేవారు, మా నాన్న నన్నూ అలాగే అప్పజెప్పేడు. ఇప్పుడు 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది, కొట్టకూడదు, మనసు నొప్పించేలా వేధించకూడదు కూడా, అందులో కులం పేరు పెట్టి పిలవడమూ వస్తుందని నేననుకుంటాను.

ఇంకోటి, మీవాడే ఏడిపించేవాడైతే? మా అప్ప కొడుకుని పీడించిన వాళ్ళలో ఒకడి తండ్రి ఫోన్లో "గుంటలన్నాక ఆటలాడుకోరా బావూ" అన్నాడు, వారం తర్వాత మళ్ళీ ఆయనే ఫోన్ చేసి, కొడుకుని తీసుకుని మా ఇంటికొచ్చేడు, జంతికల డబ్బా కూడా తెచ్చేడు.