సైన్స్ వాదాలను తూచడం, 4వ పాఠం: వెగెనర్ పేరు చెప్పి తప్పించుకోవద్దు

పోయిన పాఠంలో, ఖండాలు కదులుతాయన్న జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త వెగెనర్ కథ చెప్పి వదిలేశాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే దారి పట్టాయి. "ఆయన్ని ఎగతాళి చేశారు, చివరికి ఆయన చెప్పిందే నిజమైంది. కాబట్టి ఇవాళ ఎగతాళి పాలవుతున్న సిద్ధాంతాన్నీ ఒప్పుకోవాలి." ఆ 'కాబట్టి' చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకని కొత్త పాఠం పక్కన పెడుతున్నాను.

ఖండాలు కదులుతాయని వెగెనర్ అన్నది 1912లో. ఆధారాలు గట్టివే. గ్లోసాప్టెరిస్ అనే మొక్క శిలాజాలు దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి, మన గోదావరి లోయ బొగ్గు పొరల్లోనూ ఉన్నాయి. మరి అంతంత ఖండాల్ని నెట్టేదేమిటి? భూభ్రమణం వల్ల పుట్టే బలం, చంద్రసూర్యుల ఆకర్షణ అన్నాడాయన. అవి ఏ మూలకీ చాలవని భూభౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ లెక్క కట్టి చూపించాడు. ఆ లెక్క ఇవాళ్టికీ తప్పు కాదు. పైగా గ్రీన్‌లాండ్ ఏడాదికి మీటర్ల కొద్దీ జరుగుతోందని వెగెనర్ అంచనా. అసలు కదలిక సెంటీమీటర్లలోనే. వాతావరణ శాస్త్రవేత్తకి భూగర్భశాస్త్రంతో ఏం పని అన్న పొగరు కొందరికి ఉంది, కాదనను. కానీ అభ్యంతరం కూడా నిజమైనదే.

ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులోనే పోయాడు. శాస్త్రవేత్తల మాట మారింది 1960ల్లో. సముద్రం అడుగున పర్వతశ్రేణికి అటూ ఇటూ ఒకేలా ఉన్న అయస్కాంత చారల్ని (రాళ్లలో అయస్కాంత దిశ ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఉండే పట్టీల్ని), కొత్త నేల పుట్టి రెండు పక్కలకీ జరుగుతోందనడానికి గుర్తుగా 1963లో భూశాస్త్రవేత్తలు వైన్, మాథ్యూస్ చదివారు. తర్వాతి కొలతలు దానికి సరిపోయాయి. వెగెనర్ మీద జాలిపడి ఎవరూ మారలేదు.

ఎగతాళి పాలై నిలవని వాదమూ ఒకటి చూడండి. 1989లో రసాయన శాస్త్రవేత్తలు పాన్స్, ఫ్లైష్‌మన్ మామూలు గది వేడిలోనే న్యూక్లియర్ ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తినివ్వడం) సాధించామని ప్రెస్ మీట్ పెట్టారు. తలుపులు మూసుకోకుండా ఎన్నో దేశాల ల్యాబులు చేసి చూశాయి. అది నిజమైతే చెప్పిన వేడికి తగ్గ న్యూట్రాన్లు (కేంద్రకంలోని కణాలు) రావాలి, రాలేదు. వాళ్లనీ ఎగతాళి చేశారు మరి!

నేనైతే కొత్త వాదం కనిపిస్తే చెప్పినవాడి కష్టాల జోలికి పోను. 'ఇదే నిజమైతే ఇంకెక్కడ ఏం కనిపించాలి?' అని మార్జిన్‌లో రాసుకుంటాను.

అభ్యాసం: మీరు 1964లో ఉన్నారనుకోండి. ఖగోళ శాస్త్రవేత్త హాయిల్ చెప్పిన స్థిరస్థితి విశ్వం (ఎప్పుడూ ఇలాగే ఉందనే వాదం) తరఫున ఒక పేజీ, బిగ్‌బ్యాంగ్ (వేడి, దట్టమైన దశ నుంచి విస్తరించిందనే వాదం) తరఫున ఒక పేజీ రాయండి. ఏది కనిపిస్తే తాము ఓడిపోయినట్టో రెండు పక్షాలూ చెప్పాలి. మరుసటి ఏడాది బయటపడ్డ పెంజియాస్, విల్సన్‌ల సంగతి (బిగ్‌బ్యాంగ్‌కి గుర్తుగా ఆకాశమంతటి నుంచీ వచ్చే సూక్ష్మతరంగాలు) ఎత్తితే ఆ పేజీ చదవను.