ఊదనంటే వదిలేస్తారా?

పార్టీకి బయల్దేరే ముందే ఇది చదవండి. తాగాక చదివితే తలకెక్కదు.

తాగి బండి నడిపావేమోనని పోలీసులు ఆపి, ఊపిరిలో మద్యం కొలిచే యంత్రం గొట్టంలో ఊదమన్నప్పుడు, "ఊదితేనే కదా రీడింగ్ వచ్చేది! ఊదకపోతే కేసెక్కడిది?" అనే మేధావి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి మాట వింటే ఒక కేసుకు ఇంకోటి తోడవుతుంది.

ఈ ఎత్తు చట్టాలకు కొత్త కాదు. కెనడాలో మొదటిసారి తాగి నడిపి దొరికితే కనీస జరిమానా 1,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది. టెస్టుకు ఒప్పుకోకపోతే నేరుగా 2,000. బ్రిటన్‌లో బండి నడిపినవాళ్లు సరైన కారణం లేకుండా శాంపిల్ ఇవ్వకపోతే కనీసం 12 నెలలు డ్రైవింగ్ బంద్, 6 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. భారత మోటారు వాహనాల చట్టంలో రెండు సెక్షన్లు గుర్తుంచుకోండి. ఊదనన్న మనిషి తాగాడని పోలీసుకు సహేతుకమైన అనుమానం ఉంటే 203 కింద వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. 205 ప్రకారం ఆ నిరాకరణనే కోర్టు మీకు వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోవచ్చు. అంటే సాక్ష్యం లేకుండా చేద్దామనుకున్నవాడే ఒక సాక్ష్యం చేతికిచ్చినట్టు.

నోటితో "ఊదను" అంటేనే నిరాకరణ అనుకోకండి. గొట్టం చుట్టూ పెదవులు వదులుగా పెట్టడం, నాలుక అడ్డం పెట్టడం, బీప్ ఆగకముందే ఊపిరి ఆపేయడం లాంటి విద్యలన్నీ రోజూ చూసేవాళ్లే అవతల ఉంటారు. చాలాచోట్ల ఇవీ నిరాకరణ కిందికే వస్తాయి. ఆస్తమా లాంటి ఇబ్బంది నిజంగా ఉంటే అక్కడికక్కడే చెప్పండి, రక్తపరీక్ష చేయమని అడగండి. మౌత్‌వాష్ ఇప్పుడే పుక్కిలించి ఉంటే అదీ చెప్పి, పావుగంట ఆగి రీడింగ్ తీయమనండి. కొత్త గొట్టం కవరు మీ ఎదుటే చింపమనడంలో తప్పులేదు.

అమెరికా సంగతి కొంచెం వేరు. బండి రోడ్డెక్కించారంటే టెస్టుకు ముందే ఒప్పుకున్నట్టు లెక్క. కాకపోతే, వారెంట్ లేకుండా అడిగిన రక్తపరీక్షను కాదన్నందుకు క్రిమినల్ శిక్ష వేయకూడదని 2016లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది, శ్వాస పరీక్షకు మాత్రం ఆ రక్షణ ఇవ్వలేదు. కోర్టు కేసు ఎటు తేలినా, లైసెన్స్ సస్పెన్షన్ వేరే దారిలో నడుస్తుంది. దాన్ని సవాలు చేయడానికి గడువు చాలా తక్కువ. కాలిఫోర్నియాలో 10 రోజులే. పోలీసు ఇచ్చిన కాగితాన్ని అందుకే జేబులో మడిచి మర్చిపోకండి, తెల్లారగానే లాయరుకు చూపించండి.