అమెరికాలో మాస్టర్స్, పీహెచ్‌డీకి ఫైనాన్షియల్ ఎయిడ్: ఎలా అప్లై చేయాలి?

అమెరికా యూనివర్సిటీలో పీజీకి ఫైనాన్షియల్ ఎయిడ్ అనగానే ఎక్కడో ఒక ఫారం ఉంటుందని, అది నింపితే డబ్బులు వస్తాయని చాలామంది అనుకుంటారు. ఫారం ఉన్న మాట నిజమే. పేరు ఫాఫ్సా, అమెరికా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ విద్యా సాయానికి పెట్టుకునే దరఖాస్తు. కానీ డిగ్రీ పిల్లలకు గ్రాంటులు తెచ్చిపెట్టే ఈ ఫారమే పీజీ వాళ్లకు వచ్చేసరికి దాదాపుగా అప్పు మాత్రమే ఇస్తుంది. తిరిగి కట్టక్కర్లేని డబ్బు ఉండేది మీరు చేరబోయే డిపార్ట్‌మెంట్ దగ్గర. అందుకే ముందు డిపార్ట్‌మెంట్ తలుపు తట్టండి, తర్వాత ఫెలోషిప్‌లు చూడండి, అప్పు సంగతి ఆఖర్న.

ముందు మీరు ఏ వరసలో ఉన్నారో తేల్చుకోండి

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు ఫాఫ్సా ద్వారా ఫెడరల్ లోన్ తీసుకోవచ్చు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద వెళ్లేవారికి, హెచ్-4 (హెచ్ వీసా ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవారికి ఆ లోన్ రాదు. అయితే టీచింగ్ అసిస్టెంట్ (టీఏ), రీసెర్చ్ అసిస్టెంట్ (ఆర్‌ఏ) లాంటి అసిస్టెంట్‌షిప్‌లకు, యూనివర్సిటీ ఇచ్చే స్కాలర్‌షిప్‌లకు ఎఫ్-1 విద్యార్థులూ అర్హులే. హెచ్-4 వాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు గానీ, అసిస్టెంట్‌షిప్ అంటే ఉద్యోగం కాబట్టి వర్క్ పర్మిట్ ఉండాలి.

తేదీలు: నేను దెబ్బతిన్నది ఇక్కడే

నేను అప్లై చేసినప్పుడు ఒక డిపార్ట్‌మెంట్ పేజీలో అడ్మిషన్ గడువు మార్చి అని చూసి నిమ్మళంగా కూర్చున్నాను. ఫిబ్రవరిలో అప్లికేషన్ పంపాను. అడ్మిట్ వచ్చింది, ఫండింగ్ రాలేదు. ఎందుకని మెయిల్ పెడితే, ఫండింగ్ కోసం చూసే అప్లికేషన్లకు గడువు డిసెంబర్ మొదటి వారంలోనే అయిపోయిందని జవాబు. అదే పేజీలో, కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. తప్పు నాదే.

కాబట్టి మీ లిస్టులోని ఒక్కో యూనివర్సిటీకి మూడు తేదీలు విడివిడిగా రాసుకోండి. అడ్మిషన్ గడువు, ఫండింగ్ గడువు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు పెట్టుకున్న ప్రయారిటీ గడువు. వీటిలో ముందు వచ్చేదే మీ అసలు గడువు. ఫాల్‌లో (ఆగస్టు-సెప్టెంబర్‌లో మొదలయ్యే సెమిస్టర్) చేరాలనుకుంటే, దానికి ముందు ఏడాది సెప్టెంబర్ నుంచే పని మొదలుపెట్టాలి.

డిపార్ట్‌మెంట్ దగ్గర అడగడం

అసిస్టెంట్‌షిప్‌లు ముఖ్యంగా మూడు రకాలు. క్లాసులు, ల్యాబులు, పేపర్లు దిద్దడం చూసుకుంటే టీఏ. ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేస్తే ఆర్‌ఏ. ఆఫీసు, లైబ్రరీ, హాస్టల్ పనులకు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (జీఏ). మామూలుగా వారానికి 20 గంటల లోపు పని ఉంటుంది. ఎఫ్-1 వాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో చేయగలిగే గరిష్ఠ పరిమితీ అదే. బదులుగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, చాలాచోట్ల ట్యూషన్ వేవర్ (కోర్సు రుసుము మాఫీ) కూడా కలుస్తుంది. పీహెచ్‌డీకి ఇది దాదాపు ఆనవాయితీ. మాస్టర్స్‌కి మాత్రం అడిగి, వెంటపడి తెచ్చుకోవాలి.

అప్లికేషన్‌లో ‘అసిస్టెంట్‌షిప్‌కు పరిగణించాలా?’ అని ఒక టిక్ బాక్సు ఉంటుంది. కొన్నిచోట్ల వేరే ఫారమే ఉంటుంది. రెండూ కనిపించకపోతే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టి అడగండి. టీఏ కావాలంటే టోఫెల్‌లో స్పీకింగ్ స్కోరును చాలాచోట్ల విడిగా చూస్తారు. మొత్తం స్కోరు బాగుంది కదా అని దాన్ని వదిలేయకండి.

ఆర్‌ఏ దారి వేరు. అది ప్రొఫెసర్ గ్రాంటు మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి నేరుగా ప్రొఫెసర్‌కే రాయాలి. ‘డియర్ సర్, ఐ యామ్ వెరీ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ రీసెర్చ్’ అని మొదలుపెట్టి, ఒకే మెయిల్‌ను యాభైమందికి పంపితే ఎవరూ చదవరు. పేరు మార్చడం మర్చిపోయి పక్క ప్రొఫెసర్ పేరుతో పంపినవాళ్లూ ఉన్నారు! ఆరేడు లైన్లు చాలు. మొదటి లైన్లో ఆయన ఈమధ్య రాసిన ఒక పేపర్, అందులో మీకు నిజంగా ప్రశ్న పుట్టించిన ఒక అంశం. తర్వాత, ఆ పనికి దగ్గరగా మీరు చేసినది ఒక్కటి: ఏ డేటా వాడారు, ఏం తేలింది. వచ్చే ఫాల్‌కి ల్యాబ్‌లో ఫండెడ్ పొజిషన్ ఉందా అనే ప్రశ్న. చివర్లో రెజ్యూమే. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఇంకొక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి.

చేరేనాటికి ఏదీ రాలేదా? అక్కడితో ఆట అయిపోయినట్టు కాదు. మొదటి సెమిస్టర్‌లో ఏదైనా ఒక కోర్సులో మంచి గ్రేడు తెచ్చుకుని, ఆ కోర్సు చెప్పిన ప్రొఫెసర్‌ని గ్రేడర్‌గానో టీఏగానో తీసుకోమని అడిగి సంపాదించుకునేవాళ్లు చాలామందే ఉంటారు. పక్క డిపార్ట్‌మెంట్లను కూడా అడగండి. స్టాటిస్టిక్స్ టీఏ స్టాటిస్టిక్స్ విద్యార్థికే ఇవ్వాలన్న రూలేమీ లేదు.

ఫెలోషిప్‌లు

పౌరులు, గ్రీన్‌కార్డు వాళ్లు సైన్స్, ఇంజినీరింగ్ రీసెర్చ్ వైపు వెళ్తుంటే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారి గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను (జీఆర్‌ఎఫ్‌పీ) చూడాల్సిందే. మూడేళ్లపాటు ఏడాదికి 37,000 డాలర్ల స్టైపెండ్ ఇస్తారు. పీజీలో చేరాక దీనికి ఒక్కసారే అప్లై చేయవచ్చు కాబట్టి బాగా సిద్ధమై పంపండి. ఇండియా నుంచి మాస్టర్స్‌కి వెళ్లేవారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ ఉంది. దానికి ఉద్యోగానుభవం అడుగుతారు, చదువయ్యాక ఇండియాకు తిరిగి రావాలి. అమెరికాలోనే స్థిరపడాలనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

ఫాఫ్సా నింపడం

ఈ ఫారం మామూలుగా ఏటా అక్టోబర్ 1 నాటికి తెరుచుకుంటుంది. ‘స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్’లో అకౌంట్ తెరిచి అక్కడే ఉచితంగా నింపాలి. ఫీజు అడిగే సైటు కనబడితే అది అసలుది కాదు. పీజీ విద్యార్థులను ఇండిపెండెంట్‌గా లెక్కిస్తారు కాబట్టి అమ్మానాన్నల ఆదాయం చెప్పక్కర్లేదు. ఒకవేళ ఫారం అమ్మానాన్నల వివరాలు అడుగుతోందంటే చదువు స్థాయి దగ్గర మాస్టర్స్/పీహెచ్‌డీకి బదులు డిగ్రీ అని నొక్కి ఉంటారు. వెనక్కి వెళ్లి సరిచూసుకోండి. పెళ్లయి, భార్యాభర్తలు ట్యాక్స్ విడివిడిగా ఫైల్ చేస్తుంటే జీవిత భాగస్వామి కూడా తన అకౌంట్ నుంచి సమ్మతి ఇవ్వాలి.

ఆదాయం రెండేళ్ల వెనకటిది చూస్తారు. 2026-27 ఫారానికి 2024 ట్యాక్స్ వివరాలు. ఉద్యోగం మానేసి చదువులో చేరేవాళ్లకు ఇది చిక్కే. కాగితం మీద బాగా సంపాదిస్తున్నట్టు కనిపిస్తారు, చేతిలో ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఫారం పంపాక ఎయిడ్ ఆఫీసుకి ఉద్యోగం మానేసిన లెటర్, చివరి పే స్టబ్ (జీతం స్లిప్) పెట్టి మళ్లీ చూడమని అడగవచ్చు.

అప్పు తీసుకునే ముందు ఒక లెక్క

పీజీకి ఫెడరల్ డైరెక్ట్ అన్‌సబ్సిడైజ్డ్ లోన్ ఏడాదికి 20,500 డాలర్ల వరకు ఇస్తారు. చదువుతున్నంతకాలం ప్రభుత్వమే వడ్డీ కట్టే లోన్ పీజీ వాళ్లకు 2012లోనే ఆగిపోయింది. 2025-26లో వడ్డీ 7.94 శాతం. అంటే పూర్తి మొత్తం తీసుకుంటే ఒక్క ఏడాదికి వడ్డీయే 1,600 డాలర్లు దాటుతుంది, అదీ డబ్బు చేతికొచ్చిన రోజు నుంచి. పైగా ఒక శాతానికి కాస్త ఎక్కువగా ఫీజు ముందే కోసుకుని మిగతాది ఇస్తారు.

ఇంకో పెద్ద మార్పు. 2025లో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ లోన్ ఉండదు. పీజీకి మొత్తం కోర్సు ఖర్చు వరకు ఇచ్చే ఫెడరల్ లోన్ ఇదొక్కటే. పీజీకి మొత్తం మీద లక్ష డాలర్లే పరిమితి. మెడిసిన్, లా లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. ఆ తేదీకి ముందే అదే కోర్సుకి ఫెడరల్ లోన్ తీసుకున్నవారికి కొంతకాలం పాత రూల్సే వర్తిస్తాయి. కొత్తగా చేరేవాళ్లు ‘మిగిలింది గ్రాడ్ ప్లస్‌లో చూసుకుందాంలే’ అన్న పాత సలహా వింటే ఇరుక్కుంటారు.

ఆఫర్ లెటర్ చదవడం

నెలకు 2,000 డాలర్ల స్టైపెండ్, ఫుల్ ట్యూషన్ వేవర్ అని లెటర్ వచ్చిందనుకోండి. ఎగిరి గంతేసే ముందు మూడు విషయాలు వెతకండి. ఎన్ని నెలలు? తొమ్మిదే అయితే మొత్తం 18,000. ఫీజులు వేవర్‌లో ఉన్నాయా? ట్యూషన్ వేరు, ఫీజులు వేరు. సెమిస్టర్‌కి 900 చొప్పున మీరే కట్టాలంటే మిగిలేది 16,200, పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,350. ఆరోగ్య బీమా ఎవరు కడతారు? మీరే అయితే ఇంకా తగ్గుతుంది. లెటర్‌లో లేని మాట ఫోన్‌లో ఎవరు చెప్పినా మెయిల్‌లో రాయించుకోండి.

ఆఫర్‌కి వెంటనే ఒప్పుకోమని ఒత్తిడి చేస్తే టెన్షన్ పడకండి. చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 ఒప్పందంపై సంతకం చేశాయి. వాటిలో ఫండింగ్ ఆఫర్‌పై నిర్ణయానికి మీకు ఆ రోజు వరకు టైమ్ ఉంటుంది. ఈలోగా ఇంకోచోట మెరుగైన ఆఫర్ వస్తే, మర్యాదగా ఆ సంగతి చెప్పి ‘మీరేమైనా పెంచగలరా’ అని అడగడం తప్పేం కాదు. ఎఫ్-1 వాళ్లు ఈ లెటర్‌ను ఐ-20 (వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కోసం పంపాలి. అందులో ఉన్న సొమ్ము మేరకు బ్యాంకులో చూపించాల్సింది తగ్గుతుంది.

స్టైపెండ్ మీద ట్యాక్స్ ఉంటుంది. అయితే ఇండియా నుంచి వెళ్లిన ఎఫ్-1 విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల, నాన్‌రెసిడెంట్‌గా ఫైల్ చేసినా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) దొరుకుతుంది. ఇది తెలియక ఎక్కువ పన్ను కట్టేవాళ్లున్నారు, ఏప్రిల్‌లో ఫైల్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి. ఫాఫ్సా ద్వారా లోన్ తీసుకునేవాళ్లు మాత్రం ఏటా మళ్లీ ఫారం నింపాలి. పోయినేడు వచ్చింది కదా అని ఊరుకుంటే ఈ ఏడు రాదు.