తూర్పు కెంటకీ ముత్తాత పెన్షన్ ఫైలు: దరఖాస్తు విధానం

మా వియ్యంకుడు గారిది తూర్పు కెంటకీ కొండల్లో ఒక పల్లె. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన ముత్తాత వివరాల కోసం ఆయన ఒక ఏజెంటుకు డబ్బు కడితే రెండు కాగితాలొచ్చాయి. రెండూ ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర రికార్డుల సైట్‌లో ఉచితంగా దొరికేవే. అసలు పెన్షన్ ఫైలు వాషింగ్టన్‌లో, నేషనల్ ఆర్కైవ్స్‌లోనే (ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారం) ఉంది. దాన్ని ఎవరికి వాళ్లే తెప్పించుకోవచ్చు.

జనన ధ్రువపత్రం కోసం తిరిగి టైం పాడుచేసుకోకండి. రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు కెంటకీలో 1911లో, పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలో 1917లో మొదలైంది. అంతకు ముందు కౌంటీ (మన జిల్లా లాంటిది) రిజిస్టర్లు కొన్నేళ్లకు ఉంటాయి, కొన్నేళ్లకు ఉండవు. 1890 జనాభా లెక్కల కాగితాలు 1921 అగ్నిప్రమాదంలో చాలావరకు పోయాయి. అందుకే పెన్షన్ ఫైలుకు అంత విలువ. పెళ్లికి కాగితం లేని వితంతువు ఇరుగుపొరుగుతోనో, పురుడు పోసిన మంత్రసానితోనో ప్రమాణం చేయించి సాక్ష్యం ఇప్పించుకునేది. ఆ వాంగ్మూలాలు ఫైల్లోనే ఉంటాయి.

ముందుగా మీ ముత్తాత ఏ పక్షమో తేల్చుకోండి. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నవి యూనియన్ (ఉత్తరాది, కేంద్ర ప్రభుత్వ పక్షం) సైనికులవి. కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది పక్షం) సైనికులకు పెన్షన్ ఇచ్చింది రాష్ట్రాలు కాబట్టి, పెన్షన్ ఇచ్చిన రాష్ట్రం ఆర్కైవ్స్‌లో అడగాలి.

నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఖాతా తెరిచి, ఎన్ఏటీఎఫ్ 85 (పెన్షన్ ఫైలు నకలు కోసం పెట్టే) ఆర్డర్ ఎంచుకుని, పేరు, రాష్ట్రం, రెజిమెంటు నింపడం పది నిమిషాల పని. తడబడేది పెన్షన్ నంబరు దగ్గర.

ఫ్యామిలీసెర్చ్‌లో 1861-1934 పెన్షన్ ఇండెక్స్ కార్డు తీయండి. పైన సైనికుడి పేరు, రెజిమెంటు. కింద వరుసలు: ఇన్‌వాలిడ్, విడో (వితంతువు), మైనర్ (చిన్న పిల్లలు). ప్రతి వరుసలో అప్లికేషన్ నంబరుకు ఒక గడి, సర్టిఫికెట్ నంబరుకు ఒక గడి. ‘ఇన్‌వాలిడ్’ అని చూసి, దరఖాస్తు చెల్లలేదు కాబోలనుకున్నారు మా వియ్యంకుడు గారు. నేనూ అదే అనుకున్నాను. ఆ మాటకు ఇక్కడ అర్థం వేరు: గాయపడో జబ్బుపడో పని చేయలేని మనిషి. అంటే అది సైనికుడి సొంత పెన్షన్ వరుస. పక్కనే ఏ రాష్ట్రం నుంచి దరఖాస్తు పెట్టారో ఉంటుంది. ఒకే పేరుతో నలుగురు తేలినప్పుడు పనికొచ్చేది ఆ గడే.

వితంతువు వరుసలో సర్టిఫికెట్ నంబరు ఉంటే దాన్నే రాయండి. భర్త కాగితాలను ఆమె ఫైల్లోనే కలిపేసేవారు. ఆ గడి ఖాళీగా ఉంటే పెన్షన్ మంజూరు కాలేదన్నమాట. టెన్షన్ పడక్కర్లేదు, అప్లికేషన్ నంబరుతో అడగవచ్చు. ‘ఎక్స్‌సి’తో మొదలయ్యే నంబరు కనిపిస్తే మాత్రం ఫైలు వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల వ్యవహారాల) శాఖ దగ్గర ఉండి ఉండవచ్చు.

ఆర్డర్‌లో పూర్తి ఫైలు ఒకటి, ఎంపిక చేసిన పత్రాలు ఒకటి. చవకని రెండోది తీసుకుంటే పొరుగువాళ్ల వాంగ్మూలాలు రాకపోవచ్చు. పూర్తిదే అడగండి.

ఫైలు వచ్చాక 1915 నాటి ప్రశ్నల ఫారం ఉందేమో ముందు చూడండి. భార్య పుట్టింటి పేరు, పెళ్లి ఎక్కడ ఎప్పుడు జరిగింది, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు అందులో అడిగారు. సైనికుడు అప్పటికే చనిపోయి ఉంటే వితంతువు దరఖాస్తు దగ్గర మొదలుపెట్టండి.